ముందు కాపీ, ఆ తర్వాతే రిపేరు

అమలాపురంలో మా ఇంటి ముందు గదిలో ఉన్న కంప్యూటరు 2009లో కొన్నది. ఈ మధ్య వెళ్లినప్పుడు ఆన్ చేస్తే, తేదీ ఏ కాలానిదో జనవరి 1 చూపించింది. "నెల రోజుల్నుంచి ఇంతేరా, రోజూ తేదీ మార్చుకుని వాడుకుంటున్నా" అన్నారు నాన్నగారు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్ 2032 అంటే ఏ కొట్లో అయినా ఇస్తారు. అది అయిపోతే కంప్యూటరు తేదీ మరిచిపోతుంది. చిన్న విషయమే. అయినా నాకు గుబులు పట్టుకుంది. ఆ డబ్బాలో నానమ్మ గొంతు ఉంది. పాత నోకియా ఫోన్లో రికార్డు చేసిన మంగళహారతి అది. చెల్లి పెళ్లి ఫోటోలు, తోట దస్తావేజుల స్కానులు, నాన్నగారు పదేళ్లుగా రాసుకున్న కొబ్బరి దింపు లెక్కలు కూడా అందులోనే ఉన్నాయి. వీటిలో దేనికీ రెండో కాపీ లేదు.

నా భయానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మా మావయ్య కంప్యూటరు బాగా నెమ్మదిస్తే దగ్గర్లోని ఒక షాపుకి పంపారు. సాయంత్రానికి కొత్త విండోస్‌తో చక్కగా తిరిగొచ్చింది. "సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ కొట్టామండి, డి డ్రైవ్ ముట్టుకోలేదు" అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ మావయ్య ఫోటోలన్నీ డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ ఉండేది సి డ్రైవ్‌లోనే. ఆ సంగతి ఆయన అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అత్తయ్యతో చివరిసారి కాశీ వెళ్లినప్పటి ఫోటోలు అలా పోయాయి.

అందుకే ఎవరు అడిగినా నేను ముందు చెప్పే మాట ఒకటే. కంప్యూటరు సతాయిస్తుంటే బాగుచేయించడానికి తొందరపడకండి, లోపల ఉన్నది బయటికి తీయడానికి తొందరపడండి. విండోస్ మళ్లీ వేసుకోవచ్చు, ర్యామ్ మార్చుకోవచ్చు. పోయిన ఫైలుని మాత్రం ఏ కొట్లోనూ కొనలేం.

డి డ్రైవ్ అంటే వేరే డిస్కు కాదు

ఇది మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ. "ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లో పెట్టాను, పర్లేదు" అంటుంటారు. చాలా ఇళ్లలో సి, డి, ఇ అని కనిపించేవన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో గీసుకున్న గీతలు. ఒకే ఇంట్లో మూడు గదులన్నమాట. సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తే డి డ్రైవ్ మిగులుతుంది, అంతవరకు నిజమే. డిస్కే పాడైతే మూడూ కలిసే పోతాయి. ఏటినీరు ఇంట్లోకి వచ్చినప్పుడు వంటగదిని వదిలి పడకగదిలోకి మాత్రమే రాదు కదా.

ఇలాంటిదే ఇంకో అపోహ, ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి "కట్" చేసి పెట్టుకోవడం. అప్పుడూ ఉన్నది ఒక్క కాపీయే, చోటు మాత్రం మారింది. పైగా పెన్‌డ్రైవ్ చాలా తేలిగ్గా పోతుంది. బ్యాకప్ అంటే ఒకే ఫైలు ఒకే సమయంలో రెండు వేర్వేరు వస్తువుల మీద ఉండటం. ఈ పని చేసేటప్పుడు "కట్" అనే మాటే మరిచిపోయి "కాపీ" మాత్రమే వాడండి.

ఫోన్లో వాడే సింక్ కూడా పూర్తి బ్యాకప్ కాదు. సింక్ పని రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్‌లో చెరిపినది ట్రాష్‌లో 30 రోజులు ఉండి తర్వాత పూర్తిగా పోతుంది. ఎప్పుడో ఏడాది కిందట మనవడు చెరిపేసిన ఫోల్డరు సంగతి ఈరోజు గుర్తొస్తే, అది సింక్‌లో దొరకదు. పక్కన విడిగా పెట్టిన డిస్కులో దొరుకుతుంది.

మూడు ప్రమాద హెచ్చరికలు

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో ఉండేవాళ్లకి ఈ అంకెలు కంఠస్థం. మొదటి హెచ్చరికకే ఎవరూ ఇల్లు వదలరు. కానీ పశువుల్ని గట్టు మీదికి ఎప్పుడు తోలాలి, ఏ సామాను అటకెక్కించాలి అనే ఆలోచన మొదలవుతుంది. హార్డ్ డిస్కుకీ ఇలాగే మూడు దశలున్నాయి. ఏ దశలో ఏం చేయాలన్నది మాత్రం బాగా మారిపోతుంది, అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటిని తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఒక హెడ్డు చదువుతుంది, రాస్తుంది. ఎంత బాగా చేసినా అది కదిలే యంత్రం. కదిలేది ఏదో ఒకరోజు అరుగుతుంది. మన ప్రాంతంలో దానికి తోడు చెమ్మ, అంతర్వేది, ఓడలరేవు వైపు అయితే ఉప్పుగాలి, పైగా హెచ్చుతగ్గుల కరెంటు.

మొదటి హెచ్చరిక అంటే కంప్యూటరు నెమ్మదించడం, ఆన్ అవ్వడానికి చాలాసేపు పట్టడం, ఒక్కోసారి అసలు ఆన్ కాకపోవడం. ఇందులో సగం డిస్కు తప్పు కాదు. వానాకాలంలో ర్యామ్ తీసి, దాని అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెడితే మళ్లీ పనిచేయడం మనం చూస్తూనే ఉంటాం. చెమ్మకి ఆ అంచుల మీద పట్టిన పొర వదిలిందన్నమాట. అయినా ఈ దశలోనే కాపీ మొదలుపెట్టాలి. ఎందుకంటే ఇప్పుడు ఇది మామూలు కాపీ-పేస్ట్ పని, ఎవరైనా చేయగలరు.

రెండో హెచ్చరికలో కొన్ని ఫోటోలు సగం వరకే తెరుచుకుని మిగతాది బూడిదరంగులో కనిపిస్తుంది. కాపీ చేస్తుంటే ఒక ఫైలు దగ్గర ఆగిపోతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్ని అది చదివి చూపిస్తుంది. గుడ్ ఉంటే సరే. కాషన్ అని పసుపురంగులో వస్తే, ముఖ్యంగా రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే వరుసల్లో సున్నా కాకుండా వేరే అంకె కనిపిస్తే, ఆ డిస్కులో చదవడానికి కష్టమయ్యే చోట్లు ఏర్పడుతున్నాయని అర్థం. గుడ్ అని వచ్చింది కదా అని ధీమా కూడా వద్దు, ఏ సూచనా ఇవ్వకుండా ఆగిపోయే డిస్కులూ ఉంటాయి. ఈ దశలో చెక్‌డిస్క్ లాంటి బాగుచేసే పనులు పెట్టకండి. అది డిస్కునంతా తవ్వి, అసలే అలసిన హెడ్డుని ఇంకా అలసిపోయేలా చేస్తుంది, ఒక్కోసారి ఫైళ్ల జాబితానే మార్చేస్తుంది. మిగిలిన శక్తినంతా కాపీకే వాడాలి.

ఫైలు దగ్గర ఆగిపోయే డిస్కుకి విండోస్ 7 నుంచి 11 దాకా అన్నిట్లో ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండు ఉపయోగపడుతుంది. కానీ ఒక జాగ్రత్త. దాన్ని అలాగే వదిలేస్తే, చదవలేని ఫైలుని 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అంటే మొదటి చెడ్డ ఫైలు దగ్గరే కూర్చుండిపోతుంది. కమాండు చివర ఆర్, డబ్ల్యూ అనే రెండు స్విచ్‌లకు 1 అని ఇస్తే (/R:1 /W:1) మళ్లీ ఒక్కసారి చూసి వదిలేసి ముందుకెళ్తుంది. ముందు బాగున్నవి దక్కించుకుని, చెడ్డవాటి సంగతి చివర్లో చూడటమే సరైన వరుస. లినక్స్ తెలిసిన కుర్రాళ్లు ఇంట్లో ఉంటే డీడీరెస్క్యూ వాడమనండి. అది ఇదే పద్ధతిలో డిస్కు మొత్తానికి నకలు తీస్తుంది.

మూడో హెచ్చరిక చెవికి వినిపిస్తుంది. టక్, టక్, టక్ అని ఒకే తాళంలో చప్పుడు. లేదా డిస్కు తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంది. వెంటనే ఆపేయండి. మళ్లీ ఒకసారి చూద్దాం అని ఆన్ చేయకండి. హెడ్డు పళ్లేన్ని గీస్తూ ఉంటే, ప్రతి నిమిషానికీ కొంత సమాచారం పొడి అయిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం, మూత విప్పి చూడటం ఏవీ చేయకండి. దుమ్ము చొరబడని గదిలో డిస్కు విప్పి డేటా తీసే ల్యాబులుంటాయి. ఖర్చు వేలల్లో అవుతుంది, ఫలితానికి హామీ ఉండదు. ఆ ఫైళ్లు మీకు ఎంత ముఖ్యమో మీరే తేల్చుకోవాలి. వరదనీటిలో తడిసిన డిస్కు సంగతీ ఇంతే. ఎండలో పెట్టొద్దు, బియ్యంలో పెట్టొద్దు, ఆరిందని కరెంటు ఇవ్వొద్దు.

కంప్యూటరు పోయినా డిస్కు బతికే ఉండొచ్చు

అసలు ఆన్ కాని కంప్యూటరుని చూసి అంతా పోయిందని ఏడ్చినవాళ్లున్నారు. చాలాసార్లు పోయేది లోపలికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, లేదంటే మదర్‌బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు. డిస్కు లోపల అన్నీ భద్రంగా ఉంటాయి. నాలుగు స్క్రూలు విప్పి దాన్ని తీసి, యూఎస్‌బీ అడాప్టరుతో వేరే ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడొచ్చు. వెడల్పు పట్టీలాంటి కేబుల్ ఉంటే అది పాత ఐడీఈ, సన్నటి కేబుల్ ఉంటే సాటా. కొనేముందు చూసుకోండి. డెస్క్‌టాప్‌లో ఉండే పెద్ద డిస్కుకి 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి, అందుకని ప్లగ్గుతో వచ్చే అడాప్టరే తీసుకోండి. ల్యాప్‌టాప్ చిన్న డిస్కుకి యూఎస్‌బీ ఇచ్చే కరెంటు సరిపోతుంది.

అలా పెట్టగానే ఒక్కోసారి తెర మీద ఒక పెట్టె వస్తుంది. ఈ డిస్కుని వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి. నేను ఈ వ్యాసంలో చెప్పిన వాటిల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. యాక్సెస్ డినైడ్ అని వస్తే కంగారు అక్కర్లేదు, కంటిన్యూ నొక్కితే చాలాసార్లు తెరుచుకుంటుంది. విండోస్ ఎక్స్‌పీ డిస్కులో మీ ఫైళ్లు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ లోపల మీ పేరున్న ఫోల్డర్లో ఉంటాయి. విండోస్ 7, ఆ తర్వాతవాటిలో యూజర్స్ లోపల ఉంటాయి.

అటకెక్కించే వరుస

వరద వస్తోందంటే ముందు మంచం ఎత్తరు. పాసుపుస్తకాలు, బంగారం, విత్తనాలు ఎత్తుతారు. ఇక్కడా అంతే. పాత డిస్కు ఎంతసేపు సహకరిస్తుందో తెలియదు కాబట్టి, మళ్లీ దొరకనివి ముందు. నా లెక్కలో మనుషుల గొంతులు, ఫోటోలు, వీడియోలు మొదటివి. ఆ తర్వాత స్కాన్ చేసిన కాగితాలు, లెక్కలు. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ సెటప్‌లు చివర్లో, లేదా అసలు వద్దు. పాత సెటప్ ఫైళ్లతో పాటు పాత వైరస్ కూడా వచ్చే అవకాశం ఉంది.

వైరస్ అన్నాను కాబట్టి ఒక మాట. పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తే, ఫైళ్లు పోయాయనుకుని ఫార్మాట్ చేయకండి. అది షార్ట్‌కట్ వైరస్. అసలు ఫోల్డర్లను దాచేస్తుంది, అవి లోపలే ఉంటాయి. ఆ షార్ట్‌కట్‌లు నొక్కకుండా, కొత్త కంప్యూటర్లో యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, దాచిన ఫైళ్లు చూపించమని పెడితే కనిపిస్తాయి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కి 2020 జనవరి 14తో ఆగిపోయింది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ పాత కంప్యూటర్లకి, ముఖ్యంగా ఎక్స్‌పీ, 7 ఉన్నవాటికి, కాపీ చేసేటప్పుడు ఇంటర్నెట్ తీసేయడమే మంచిది.

కాపీకి 1 లేదా 2 టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకోండి. పాత కంప్యూటర్లలో ఉండేది యూఎస్‌బీ 2.0. దాని మీద నిజంగా వచ్చే వేగం సెకనుకి 30 మెగాబైట్ల చుట్టూ ఉంటుంది. 200 గిగాబైట్లకి ఆ లెక్కన రెండు గంటలు. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ. ముందువైపు పోర్టులకి కరెంటు బలహీనంగా వస్తుంటుంది, వెనకవైపువి వాడండి. ఎక్స్‌పీ ఉన్నవాళ్లు డిస్కుని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌లో ఉంచుకోండి. ఫ్యాట్ 32 అయితే 4 గిగాబైట్లు దాటిన వీడియోని, ఖాళీ ఎంత ఉన్నా, తీసుకోదు. పెళ్లి వీడియో పట్టడం లేదని పెన్‌డ్రైవ్‌లు మార్చి మార్చి విసిగిపోయినవాళ్ల సమస్య ఇదే.

పని వేకువన మొదలుపెట్టండి. మే నెల మధ్యాహ్నం ఉక్కపోతలో, కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడు వద్దు. నేను పక్క మూత తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. డిస్కు వేడి 50 డిగ్రీలు దాటితే కాసేపు ఆపడం మంచిది. ఇన్వర్టరు మీద ఉంటే ధైర్యం. ఉరుముతుంటే మాత్రం ప్లగ్గులు పీకేయాల్సిందే.

కాపీ అయిపోయాక రెండు ఫోల్డర్ల మీదా ప్రాపర్టీస్ నొక్కి, ఫైళ్ల సంఖ్య, బైట్లు సరిపోయాయో లేదో చూడండి. టెరాకాపీ లాంటి ప్రోగ్రాములు వెరిఫై అనే పని, అంటే రెండు కాపీలూ ఒకటేనా అని సరిచూడటం కూడా చేసిపెడతాయి. అదీ చాలదు, కొన్ని తెరిచి చూడాలి. మేము అలా చూస్తూ నానమ్మ రికార్డింగు తెరిచాం. అది ఏఎంఆర్ ఫైలు, కొత్త ల్యాప్‌టాప్‌లో పలకలేదు. వీఎల్‌సీ ప్లేయరు వేశాక పలికింది. నాన్నగారు రెండుసార్లు విని, లేచి అరుగు మీదికి వెళ్లిపోయారు.

ఫైలు ఉంది, తెరుచుకోదు

ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు, దీని గురించి తక్కువమంది చెబుతారు. ఎక్స్‌పీలోనే యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనిపించే పద్ధతి, తెలుగు ఫాంట్ ఉంది. దాని పేరు గౌతమి, మన గోదావరి పాయ పేరే. కానీ మన డీటీపీ సెంటర్లు, పత్రికలు, శుభలేఖల షాపులు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో పనిచేశాయి. ఆ ఫైళ్లలో నిజానికి ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేని కొత్త కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఊరి గుడి చరిత్రో, తాతగారి జీవితకథో టైపు చేయించి పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పాత కంప్యూటరు ఇంకా పనిచేస్తుండగానే, అందులోనే తెరిచి పీడీఎఫ్‌గా దాచుకోండి. అది కుదరకపోతే ఫాంట్ ఫైళ్లను కూడా కాపీ చేసుకోండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు, పొల్లులు ఒకసారి దిద్దుకోవాలి.

ట్యాలీ వాడిన వ్యాపారులది ఇంకో తీరు. ట్యాలీ ఐకాను కాపీ చేస్తే లెక్కలు రావు. డేటా ఫోల్డర్ లోపల 10000 లాంటి ఐదంకెల పేర్లతో ఉండే ఫోల్డర్లే అసలు కంపెనీ లెక్కలు. పెళ్లి డీవీడీల నుంచి కాపీ చేస్తే వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం తీసుకోండి, ఒక్క ముక్క తీసుకుంటే పెళ్లిలో కొంతే వస్తుంది. డీవీడీల మీద చెమ్మకి తెల్లటి మచ్చలు పట్టి ఉంటే సబ్బునీటితో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి. గుండ్రంగా తుడవకూడదు.

రెండో కాపీ గోదావరికి అందని చోట

ఫోటోగ్రాఫరు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే సూత్రం ఉంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. ఈ మూడిట్లో డెల్టావాళ్లకి చివరిదే ప్రాణం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చేసింది. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఒకే బీరువాలో కంప్యూటరు ఫైళ్లకి నాలుగు కాపీలు ఉన్నా, నీటి లెక్కలో అవన్నీ ఒక్కటే.

దూరంగా అనగానే క్లౌడ్ గుర్తొస్తుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 గిగాబైట్లు, అది మెయిలు, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేకుండా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1 నుంచి లేదు. రెండేళ్లు ముట్టుకోని ఖాతాని గూగుల్ తీసేయొచ్చు కూడా. పెద్దవాళ్ల పేరుమీద ఖాతా తెరిచి వదిలేసేవాళ్లు ఇది గమనించాలి. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే 100 గిగాబైట్లు ఎక్కడానికి దాదాపు 22 గంటలు పడుతుంది. అందుకని నా సలహా, కాగితాల స్కానులు, ఏరిన కొన్ని వందల ఫోటోలు, గొంతులు క్లౌడ్‌లో పెట్టండి. మొత్తం సరుకు డిస్కు మీద ఉంచండి. ఆధార్, దస్తావేజుల్లాంటివి పాస్‌వర్డ్ పెట్టిన ఫైల్లో దాచి, ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా చూడండి.

పాత డిస్కుని కూడా పాత సామాన్లవాడికి వేయకండి. చెరిపేశామనుకున్నవి అందులోంచి బయటికి తీయడం కష్టం కాదు. మీ దగ్గరే ఉంటే అది మూడో కాపీ.

మేము రెండు డిస్కులు కొన్నాం. ఒకటి అమలాపురంలో, అటక మీద స్టీలు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంటుంది. రెండోది హైదరాబాద్‌లో చెల్లి ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి చెల్లి వచ్చేటప్పుడు తన దగ్గరి డిస్కు తెస్తుంది. భోగి నాటి సాయంత్రం ఏడాదిలో చేరిన ఫోటోలు, నాన్నగారి లెక్కలు రెండిట్లోకీ ఎక్కిస్తాం. డిస్కులు ఏడాదికోసారైనా తిరిగినట్టు ఉంటుంది, పాతవి తెరుచుకుంటున్నాయో లేదో చూసినట్టూ ఉంటుంది. కనుమ మర్నాడు చెల్లి బ్యాగులో ఆత్రేయపురం పూతరేకుల డబ్బా కింద, మెత్తటి తువ్వాలులో చుట్టిన డిస్కు తిరిగి వెళ్తుంది. ఏది వెళ్లింది, ఏది ఉంది అన్నది నాన్నగారు పంచాంగం వెనక అట్ట మీద తేదీతో సహా రాసుకుంటారు.